‘ఎందుకు రానివ్వలేదు?’: పసిపిల్లలకు అమెరికా జాతి వివక్ష చరిత్ర చెప్పడం గురించి

(అమెరికాలోని ఒక తెలుగు బడిలో తల్లిదండ్రుల సమావేశంలో ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నిర్వాహకులు నాకిచ్చిన విషయం ‘పిల్లలు, జాతి వివక్ష’. ఇది చాలా పెద్దది కాబట్టి కొంత కుదించి, నాలుగేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు ఈ దేశపు జాతి వివక్ష చరిత్రను ఇంట్లో ఎలా చెప్పాలన్న దానికే ఎక్కువగా పరిమితమవుతాను. చిన్న తరగతులకు పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి నాకు బాగా తెలిసిన వయసు అదే. పెద్ద పిల్లలున్నవారికి పనికివచ్చే సంగతి ఒకటి చివర్లో చెబుతాను.

మన తల్లిదండ్రులు ముందుగా అడిగే ప్రశ్న, “ఇంత పసివాళ్ళకు ఇవన్నీ ఇప్పుడే ఎందుకండీ?” అని. పిల్లలకు రంగుల తేడా తెలియదని, మనమే చెప్పి లేనిపోని ఆలోచన వాళ్ళ తలలో పెడతామేమోనని ఈ ప్రశ్న వెనుక ఒక భయం ఉంది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. అయితే పిల్లలకు తేడా తెలియదన్న మాట మాత్రం నిజం కాదు. అప్పుడే పుట్టిన బిడ్డ ఏ జాతి ముఖాన్నయినా ఒకేలా చూస్తుంది. మూడు నెలలు వచ్చేసరికి, తన చుట్టూ రోజూ కనబడే ముఖాల వంటి ముఖాలను ఎక్కువసేపు చూస్తుందని పరిశోధకులు గమనించారు. అది అలవాటే తప్ప ద్వేషం కాదు. ఆ అలవాటు మీద మంచిచెడ్డల లెక్క ఎప్పుడు వచ్చి కూర్చుంటుందన్నదే అసలు విషయం.

ఆ లెక్క ఎంత తొందరగా వస్తుందో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వశాస్త్రవేత్తలు, భార్యాభర్తలు, 1940ల నాటికే చూపించారు. రంగు తప్ప మిగతా అన్నింటిలోనూ ఒకేలా ఉన్న బొమ్మలను మూడు నుంచి ఏడేళ్ళ లోపు నల్లజాతి పిల్లల ముందు పెట్టి, మంచి బొమ్మ ఏది, చెడ్డ బొమ్మ ఏది అని అడిగి, చివరికి “నీలా ఉన్న బొమ్మ ఏది?” అని అడిగారు. ఎక్కువమంది పిల్లలు మంచి బొమ్మగా తెల్లదాన్నే ఎంచుకున్నారు. చివరి ప్రశ్న దగ్గర కొందరు ఏడుస్తూ గదిలోంచి వెళ్ళిపోయారు. తెల్లపిల్లలకూ నల్లజాతి పిల్లలకూ వేర్వేరు బడులు పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 1954 మే 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, అధస్సూచికలో ఈ పరిశోధనను ఉదహరించింది. ఆ పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి చరిత్ర పాఠం చెప్పలేదు. వాళ్ళకు వాళ్ళే చుట్టూ చూసి నేర్చుకున్నారు. మనం చెప్పకపోతే మన పిల్లలు నేర్చుకునేదీ అలాగే.

సరుకుల దుకాణంలో జరిగే సన్నివేశం మీలో చాలామందికి అనుభవమే. బండిలో కూర్చున్న నాలుగేళ్ళ పిల్ల వేలు చూపించి, “అమ్మా, ఆ అంకుల్ ఎందుకంత నల్లగా ఉన్నారు?” అని అందరికీ వినబడేలా అడుగుతుంది. తల్లికి తల కొట్టేసినట్టవుతుంది. “ష్, తప్పు, అలా అనకూడదు” అంటూ బండిని పక్క వరుసలోకి తిప్పేస్తుంది. ఆ పిల్ల అడిగింది ఆకాశం ఎందుకు నీలంగా ఉంది అన్నంత అమాయకమైన ప్రశ్న. దొరికిన జవాబు మాత్రం, ఆయన రంగులో నోటితో అనకూడనిది ఏదో ఉందని. అలా కాకుండా మామూలు గొంతుతోనే, “అవును, ఆయన చర్మం బాగా ముదురు రంగు. మనందరి చర్మంలో మెలనిన్ అని ఉంటుంది, అది ఎండ నుంచి మనల్ని కాపాడుతుంది. నాకంటే నీకు కొంచెం ఎక్కువుంది చూడు, ఆయనకు ఇంకా ఎక్కువుంది” అని చెప్పి, చేయి పక్కన చేయి పెట్టి చూపిస్తే అక్కడికి సరిపోతుంది. ఆయన మన వైపు చూస్తే ఒక పలకరింపు. చాలాసార్లు పిల్ల మరుక్షణమే బిస్కెట్ల గురించి అడుగుతుంది.

తరగతిలో బొమ్మలు వేసేటప్పుడు పిల్లలు ఒకరినొకరు “స్కిన్ కలర్ ఇవ్వు” అని అడుగుతారు. చేతులు మారేది ఎప్పుడూ లేత గులాబీ ఛాయ క్రేయానే. ఒకసారి మన తెలుగు పాపే ఒకతె అమ్మనూ నాన్ననూ తననూ అదే రంగుతో నింపుతుంటే, ఆ క్రేయాన్‌ను తన ముంజేతి మీద పెట్టి చూడమన్నాను. కాసేపు చూసి, డబ్బా అంతా గాలించి మూడు గోధుమ రంగులు తీసింది. నాన్నకు ఒకటి, అమ్మకు ఒకటి, తనకు రెండు కలిపి. ఆ లేత రంగుకు క్రేయోలా కంపెనీ ఒకప్పుడు పెట్టిన పేరు ‘ఫ్లెష్’, అంటే ఒంటి రంగు. 1962లో దాన్ని ‘పీచ్’ అని మార్చారు. అంటే అంతకుముందు పిల్లలందరికీ మనిషి ఒంటి రంగు అంటే ఇదే అని డబ్బా మీదే అచ్చువేసి ఇచ్చారన్నమాట. 2020లో అదే కంపెనీ 24 చర్మపు ఛాయలతో వేరే డబ్బా తెచ్చింది. ఆరేళ్ళ పిల్లలకు చరిత్ర మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి వస్తువు నాకు కనబడలేదు. పేరు పెట్టింది మనుషులే, అది సరికాదని చెప్పినదీ మనుషులే, మార్చిందీ మనుషులే అన్నది చేతిలో పట్టుకుని చూడవచ్చు.

ఇక ఈ రోజు నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్న మాటకు వస్తాను. చరిత్ర చెప్పేటప్పుడు మనకు తెలియకుండానే కారణాన్ని తీసుకెళ్ళి బాధితుల చర్మంలో పెట్టేస్తాం. 1960లో తెల్లపిల్లల బడిలో చేరిన ఆరేళ్ళ నల్లజాతి పాప రూబీ బ్రిడ్జెస్ కథనే తీసుకోండి. నల్లజాతి చరిత్ర మాసమైన ఫిబ్రవరి వచ్చిందంటే బడుల్లో ఈ కథ చెబుతారు, పిల్లలు ఇంటికొచ్చి అడుగుతారు. మన జవాబు సాధారణంగా ఇలా ఉంటుంది: “రూబీ నల్లగా ఉన్నందుకు ఆ పాపను బడికి రానివ్వలేదు.” పెద్దవాళ్ళకు ఇందులో తప్పేమీ కనబడదు. అయిదేళ్ళ పిల్లకు మాత్రం ఈ వాక్యంలో ఒక కారణం, దాని ఫలితం ఉన్నాయి. కారణం నలుపు, ఫలితం బడి లేకపోవడం. నలుపు లేకపోతే ఇబ్బందే లేదు కదా అని ఆ పిల్ల బుద్ధి చకచకా లెక్క వేసుకుంటుంది. ఆ తర్వాత తన చేతి వైపు చూసుకుంటుంది. రానివ్వని వాళ్ళెవరో ఆ వాక్యంలో ఎక్కడా లేరు.

అదే కథను ఇలా చెప్పి చూడండి. “చాలాకాలం కిందట ఇక్కడ అధికారం చేతిలో ఉన్న తెల్లవాళ్ళు, మంచి బడులు మా పిల్లలకే ఉండాలి అనుకుని అలా చట్టాలు రాసుకున్నారు. అది అన్యాయం. నల్లజాతి తల్లిదండ్రులు, లాయర్లు చాలా ఏళ్ళు పోరాడితే, ఆ చట్టాలు చెల్లవని పెద్ద కోర్టు చెప్పింది. అయినా కొందరు వినలేదు. రూబీ బడికి వెళ్ళింది అప్పుడే.” ఇందులో ఎవరు, ఏం చేశారు, ఎందుకు చేశారు అన్నది ఉంది. కారణం రూబీ ఒంట్లోంచి బయటికొచ్చి, ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళ దగ్గరికి చేరింది.

బానిసత్వం గురించి చెప్పేటప్పుడూ ఇదే పద్ధతి. ఆఫ్రికా నుంచి మనుషులను పట్టి తెచ్చినవాళ్ళు, కూలి ఇవ్వకుండా పొలాల్లో పనిచేయించుకుంటే తమకు లాభమని ఆ పని చేశారు. ఆ తర్వాత దాన్ని సమర్థించుకోవడానికి, వీళ్ళు తక్కువవాళ్ళని కథ అల్లారు. పని చేయించుకుని డబ్బులివ్వకపోవడం మోసమని అయిదేళ్ళ పిల్లకు మనం నేర్పనక్కర్లేదు.

రూబీ కథలో పసిపిల్లలకు అందే వివరాలు చాలా ఉన్నాయి. రూబీ పుట్టింది 1954లో, సరిగ్గా సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన ఏడాదే. లూసియానా రాష్ట్ర ప్రభుత్వం ఆ తీర్పును ఆరేళ్ళపాటు అడ్డుకుంటూ వచ్చింది. చివరికి 1960 నవంబరు 14న, న్యూ ఆర్లియన్స్‌లో విలియం ఫ్రాంజ్ ప్రాథమిక పాఠశాలకు ఆరేళ్ళ రూబీ కేంద్ర ప్రభుత్వం కాపలాకు పంపిన నలుగురు ఫెడరల్ మార్షల్స్ నడుమ నడిచి వెళ్ళింది. బయట జనం అరుస్తుంటే, తమ ఊళ్ళో ఏటా జరిగే మార్డి గ్రా పండుగ ఊరేగింపేమో అనుకున్నానని ఆవిడే పెద్దయ్యాక చెప్పారు. ఈ మాట చెప్పగానే పిల్లలు నవ్వుతారు, మరుక్షణం ఆగిపోతారు. మొదటిరోజంతా రూబీ ప్రిన్సిపాల్ గదిలోనే కూర్చుంది, ఎందుకంటే తెల్లపిల్లల తల్లిదండ్రులు వచ్చి తమ పిల్లలను ఇళ్ళకు తీసుకుపోతున్నారు. బార్బరా హెన్రీ అనే ఉపాధ్యాయిని ఆ ఏడాదంతా ఖాళీ బెంచీల మధ్య రూబీ ఒక్కదానికే పాఠాలు చెప్పారు. అదే రోజు అదే ఊళ్ళో మరో బడికి ఇంకో ముగ్గురు నల్లజాతి బాలికలు వెళ్ళారు. రూబీ పేరు మారుమోగడంతో వాళ్ళను మనం మరిచిపోతుంటాం.

ఏ వయసుకు ఏది అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. ఖాళీ తరగతి గది, ఆడుకోవడానికి ఎవరూ లేకపోవడం, టీచర్ ఒక్కరే తోడుండడం ఇవి అయిదేళ్ళవాళ్ళకు చాలు. ఆ పాపను చదివించినందుకు తండ్రి ఉద్యోగం పోయిందని, మిసిసిపీలో కౌలు చేసుకుంటున్న తాతా అమ్మమ్మలను భూమి నుంచి వెళ్ళగొట్టారని ఎనిమిదేళ్ళవాళ్ళకు చెప్పవచ్చు. జనంలో ఒకావిడ విషం పెడతానని రోజూ బెదిరించేదని, ఇంకొకరు శవపేటికలో నల్లబొమ్మను పెట్టి చూపించారని చెప్పడానికి ఇంకొన్నాళ్ళు ఆగవచ్చు. ఆగడం అబద్ధం చెప్పడం కాదు. “అప్పుడు అందరూ మంచిగా ఉన్నారు” అనడం మాత్రం అబద్ధం.

ఆ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేరే సంగతి. అన్ని రోజుల అరుపుల్లోనూ తనకు అర్థం కానిది, ఒక తెల్లపిల్లవాడి మాటతో అర్థమైందని రూబీ బ్రిడ్జెస్ తరచూ చెబుతారు. ఆ పిల్లవాడు, నీతో ఆడుకోవద్దని మా అమ్మ చెప్పింది అని, ఆమె జాతిని తిట్టే మాటతో సహా కారణం చెప్పాడు. వాడు కోపంతో చెప్పలేదు, ఇంట్లో చెప్పినది చెప్పాడంతే. ఆ తల్లి ఏ చరిత్ర పుస్తకమూ తెరవకుండానే కొడుక్కి జాతి గురించి నేర్పింది.

పిల్లలు భయపడతారేమో అని మనం కథకు త్వరగా మంగళం పాడేస్తాం. మార్టిన్ లూథర్ కింగ్ వచ్చారు, గొప్ప ఉపన్యాసం ఇచ్చారు, అంతా బాగుపడింది. కథ కంచికి, మనం ఇంటికి. ఇలా చెబితే పిల్లలకు రెండు నష్టాలు. ఇప్పటికీ అన్యాయం కనబడితే అది వాళ్ళకు అర్థం కాదు. పైగా, దాన్ని మార్చేవాళ్ళు ఎక్కడో మహాపురుషులే అనుకుంటారు. రోజా పార్క్స్ అలసిపోయిన ముసలావిడ అన్నట్టు చెప్పే కథ కూడా అటువంటిదే. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీలో, బస్సులో తెల్లవాళ్ళ కోసం సీటు వదలనన్నందుకు ఆవిడ అరెస్టయిన 1955 డిసెంబరు 1న ఆవిడ వయసు 42. అప్పటికే పౌరహక్కుల సంఘంలో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న మనిషి. అంతకు తొమ్మిది నెలల ముందే అదే ఊళ్ళో క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి బస్సులో సీటు వదలనందుకు అరెస్టయింది. రోజా పార్క్స్ అరెస్టయిన రాత్రి జో ఆన్ రాబిన్సన్ అనే అధ్యాపకురాలు వేలకొద్దీ కరపత్రాలు తయారుచేయించారు. ఆ తర్వాత 381 రోజులు జనం బస్సెక్కకుండా నడిచారు, కార్లలో ఒకరినొకరు ఎక్కించుకున్నారు. పిల్లలకు ఈ నడక చాలా ఇష్టం. వాన వస్తే ఏం చేశారు, కాళ్ళు నొప్పెట్టలేదా అని అడుగుతూనే ఉంటారు.

ఇంతవరకు చెప్పినదంతా విని, “ఇది తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ మధ్య గొడవ, మధ్యలో మనమెందుకు?” అనుకునేవారు ఈ హాల్లోనే కొందరుంటారు. మనం ఇక్కడికి ఎలా రాగలిగామో చూడండి. 1946 నుంచి ఈ దేశం భారతదేశానికి ఇచ్చిన వలస కోటా ఏడాదికి వంద మంది. దేశాన్ని బట్టి, జాతిని బట్టి కోటాలు పెట్టే ఆ పద్ధతిని తీసేసిన చట్టం మీద అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965 అక్టోబరు 3న లిబర్టీ విగ్రహం దగ్గర సంతకం చేశారు. ఆ ముందటి ఏడాది పౌరహక్కుల చట్టం, అదే ఏడాది ఆగస్టులో ఓటుహక్కు చట్టం వచ్చాయి. నల్లజాతివారు నడిచి, దెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి దేశపు మనసు మార్చకపోతే, ఆ వలస చట్టం అప్పుడు, ఆ రూపంలో వచ్చేదని నేననుకోను. ఆ తర్వాత వచ్చిన తెలుగు డాక్టర్లు, వాళ్ళ వెనుక ఇంజనీర్లు, వాళ్ళ వెనుక మనం. ఇది ఏడేళ్ళ పిల్లకు ఒక్క మాటలో చెప్పవచ్చు: “మనం ఇక్కడికి రావడానికి తలుపు తీసినవాళ్ళలో వాళ్ళున్నారు.”

2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో, మా దేశం వదిలి పొమ్మని అరుస్తూ ఒకడు తెలుగు ఇంజనీర్లిద్దరిని కాల్చాడు. ఒకరు చనిపోయారు, అడ్డుపడిన తెల్లజాతి యువకుడికీ తూటా తగిలింది. అది పసిపిల్లలకు చెప్పవలసినది కాదు. కానీ అలాంటి వార్త వచ్చిన రాత్రి మనం వంటింట్లో గుసగుసలాడుకుంటుంటే పిల్లలు నిద్రపోతున్నారని అనుకోకండి.

ఇప్పుడు మనింట్లోకి వద్దాం. ఇక్కడ పుట్టిన పిల్లకు రంగు గురించి మొదటి పాఠం చెప్పేది ఈ దేశం కాదు, తరచుగా మన కుటుంబమే. కడుపుతో ఉన్నప్పుడు కుంకుమపువ్వు పాలు, పుట్టాక నలుగు, “అమ్మ రంగు వచ్చింది, అదృష్టం” అన్న అభినందన, “ఎండలో ఆడకే, నల్లబడిపోతావు, రేపు పెళ్ళెలా?” అన్న హెచ్చరిక, కాస్త ఛాయ తక్కువైతే ‘నలుపు నారాయణుడు మెచ్చు’ అన్న ఓదార్పు. ఓదార్చవలసిన విషయమని పిల్లకు అర్థమయ్యేది ఆ సామెతతోనే. పగలు బడిలో రూబీ బ్రిడ్జెస్ కథ విని, సాయంత్రం ఇంట్లో ఈ మాటలు విన్న పిల్ల ఏ పాఠం నమ్మాలి?

ఆరు నెలలు ఉండడానికి ఇండియా నుంచి వచ్చిన అత్తగారితో, అమ్మతో ఈ విషయం ఎలా మాట్లాడాలన్నది నన్ను ఎప్పుడూ అడుగుతారు. పిల్లల ఎదుట పెద్దవాళ్ళను తప్పుపట్టవద్దు. పిల్లలు పడుకున్నాక, “అత్తయ్యగారూ, ఇక్కడ బడిలో దీనికి రంగు గురించి మాటలు పడే అవకాశం ఉందండీ, ఇంట్లోనైనా ఆ మాట లేకుండా చూద్దాం” అంటే, మనవరాలి కోసం చాలామంది వింటారు. వినకపోతే, “నాన్నమ్మ చిన్నప్పుడు అందరూ అలా అనుకునేవాళ్ళు, మనం అలా అనుకోం” అని పిల్లతో విడిగా అనండి. నాన్నమ్మ మీద ప్రేమ ఉంచుకుంటూనే నాన్నమ్మ మాటతో విభేదించవచ్చని పిల్లకు తెలియడం మంచిదే.

దీనికంటే కష్టమైనది ఇంకొకటి ఉంది. తెల్లవాళ్ళకొక నీళ్ళ కుళాయి, నల్లవాళ్ళకొక కుళాయి ఉన్న పాత ఫోటో చూసిన పిల్లలు, “ఇండియాలో కూడా ఇలా ఉండేదా?” అని అడుగుతారు. ఉండేదని చెప్పాలి. మన ఊళ్ళ టీ కొట్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టేవారని, తాగాక వాళ్ళే కడిగి పెట్టాలని, దాన్ని రెండు గ్లాసుల పద్ధతి అంటారని, అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణంతో నిషేధించినా అది అక్కడితో ఆగలేదని చెప్పాలి. మార్టిన్ లూథర్ కింగ్, 1959లో భారతదేశానికి వచ్చినప్పుడు కేరళలో ఒక దళిత విద్యార్థుల బడిలో ప్రధానోపాధ్యాయుడు తనను అమెరికా నుంచి వచ్చిన అంటరానివాడిగా పరిచయం చేస్తే మొదట నొచ్చుకుని, ఆ తర్వాత అది నిజమేనని ఒప్పుకున్నానని 1965లో ఒక ప్రసంగంలో చెప్పుకున్నారు. ఇదంతా విన్నాక పిల్లలు ఇంకో ప్రశ్న వేస్తారు: “మన తాతయ్య ఏ గ్లాసులో తాగారు?” ఈ హాల్లో ఉన్న మన కుటుంబాలకు ఈ ప్రశ్నకు జవాబు ఒకటే కాదు. ఏ జవాబైనా నిజమే చెప్పండి. వేరే గ్లాసులో తాగవలసి వచ్చిన తాతయ్య గురించి చెప్పేటప్పుడు పైన చెప్పిన జాగ్రత్తే తీసుకోండి: తప్పు ఆ గ్లాసు పెట్టినవారిది, తాగినవారిది కాదు. వేరే గ్లాసు పెట్టిన ఇంటి పిల్లలకు సిగ్గు నేర్పమని నేననడం లేదు. అది జరగలేదని మాత్రం నేర్పకండి.

పదేళ్ళు దాటిన పిల్లలున్నవారికి పనికివస్తుందని మొదట్లో నేనన్న సంగతి భగత్‌సింగ్ థింద్ కేసు. పంజాబ్ నుంచి వచ్చి మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన సిక్కు ఆయన. అప్పటి చట్టం ప్రకారం వలస వచ్చినవారిలో తెల్లవారికీ, ఆఫ్రికా సంతతివారికీ తప్ప పౌరసత్వం లేదు. ఆర్య సంతతికి చెందిన అగ్రకులస్థుణ్ణి కాబట్టి నేనూ తెల్లవాడినే అని ఆయన వాదించారు. తెల్ల అమెరికన్లు నల్లవారితో వియ్యానికి ఎంత దూరంగా ఉంటారో, మా అగ్రకులాలు భారతదేశపు ఆదివాసులతో వియ్యానికి అంత దూరం అని ఆయన తరఫున కోర్టుకు రాసి ఇచ్చారు. 1923లో సుప్రీంకోర్టు, సామాన్యుడి దృష్టిలో ఈయన తెల్లవాడు కాదని ఏకగ్రీవంగా తేల్చింది. ఆ తీర్పును ఆధారం చేసుకుని, అంతకుముందే పౌరులైన పలువురు భారతీయుల పౌరసత్వాన్ని కూడా ప్రభుత్వం రద్దు చేయించింది. థింద్‌కు చివరికి 1936లో, మాజీ సైనికుల కోసం చేసిన వేరే చట్టం కింద పౌరసత్వం వచ్చింది.

పదకొండేళ్ళ పిల్లవాడితో ఈ కేసు గురించి ఒక సాయంత్రం తీరిగ్గా మాట్లాడండి. ఆయనకు అన్యాయం జరిగిందా అని అడగండి, జరిగిందంటాడు. ఆయన గెలవడానికి చేసిన వాదన న్యాయమైనదేనా అని అడగండి, కాసేపు ఆలోచిస్తాడు. ఆయన ఏమని వాదించి ఉండవలసింది అని అడగండి. మా తరగతి దాటి వెళ్ళిన పెద్ద పిల్లలు కొందరు ఈ మూడో ప్రశ్నకు ఇచ్చిన జవాబులు, ఆ కోర్టులో ఎవరూ వినిపించనివి: తెల్లవాళ్ళకే పౌరసత్వం అన్న చట్టమే తప్పు అని వాదించాల్సింది అని.

ప్రశ్నలకు పదిహేను నిమిషాలు ఉన్నాయన్నారు. చంటిపిల్లలతో వచ్చినవారు ముందు అడగండి.